తండ్రి తాగుడు కొడుకును ఎలా చేరుతుంది, ఎక్కడ ఆగుతుంది

ధర్మవరం నుంచి ఒక ఇల్లాలు అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. ఆమె రాసినది క్లుప్తంగా ఇది. భర్తకు 42 ఏళ్లు, పట్టుచీరల మగ్గం నేస్తారు. పద్నాలుగో ఏట తాగడం మొదలుపెట్టారు. ఐదారేళ్లుగా పొద్దున లేచిన వెంటనే గుక్కెడు పడకపోతే చేతులు వణికి పోగు పట్టుకోలేకపోతున్నారు. మామగారు సారా రోజుల నుంచి తాగినవారే. కామెర్లు వచ్చి చావు తప్పిన తరువాత మానేశారు, ఇప్పుడు అదే ఇంట్లో ఉంటూ కొడుక్కి రోజూ బుద్ధులు చెబుతున్నారు. భర్త మాత్రం "మా అబ్బ తాగె, మా నాయన తాగె, నా నెత్తుర్లోనే ఉండాది" అంటున్నారు. నిరుడు మాల వేసుకుని తాగుడు మానగా రెండో రోజున ఫిట్స్ వచ్చాయి. ఎలాగో మండలం నిలబడి, మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టారు. తొమ్మిదేళ్ల కొడుకు ఈ మధ్య తండ్రి సీసాలను వెతికి దాచిపెడుతున్నాడు. ఇది నెత్తురులో వచ్చేదా, చిన్నతనంలో చూసినవాటి వల్ల వచ్చేదా, కొడుక్కీ వస్తుందా, మామగారి చేత గట్టిగా చెప్పిస్తే ఫలితం ఉంటుందా అన్నవి ఆమె సందేహాలు.

అమ్మా, ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో తాగుడు మానాలని వచ్చేవారితోనూ వారి ఇంటివారితోనూ మాట్లాడడమే చాలా ఏళ్లుగా నా పని. మీ ప్రశ్నలన్నింటికంటే ముందు ఆ ఫిట్స్ సంగతి చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు, మద్యం కలిగించే మత్తుకు ఎదురు నిలబడేందుకు తనను తాను ఎప్పుడూ రెచ్చగొట్టుకుని ఉంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ రెచ్చిన స్థితి ఒక్కటే మిగులుతుంది. మొదటి రెండు రోజుల్లో వణుకు, చెమట, నిద్రలేమి, ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరికి జ్వరం, మతి తప్పడం, లేనివి కనిపించడం మొదలవుతాయి, చికిత్స అందకపోతే ప్రాణం పోయే అవకాశం కూడా ఉంది. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి తరువాతిసారి మానినప్పుడు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుచేత మీ వారు ఈసారి ఇంట్లో గానీ గుడిలో గానీ హఠాత్తుగా మానకూడదు. ఆసుపత్రిలో చేర్చుకుని డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందులను మొదట తగినంత ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ కొద్ది రోజుల్లో ఆపుతారు. దాంతోపాటు థయమిన్, అంటే బి1 విటమిన్, ఇంజెక్షన్ల రూపంలో ఇస్తారు. నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకుపోయి గ్లూకోజు సీసా ఎక్కించడం మన ఊళ్లలో మామూలే గాని, బి1 లోపించిన తాగుబోతు మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడుకు శాశ్వతమైన దెబ్బ తగలవచ్చు. అనంతపురం, కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు మూడింటిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. నిరుడు ఫిట్స్ వచ్చిన సంగతిని అక్కడి డాక్టరుకు మొట్టమొదటి మాటగా చెప్పండి.

ఇక నెత్తురు సంగతి. మీ వారి మాటలో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయడం వల్ల మనకు ఒరిగేది లేదు. కవల పిల్లల మీద జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మద్యానికి బానిసయ్యే అవకాశంలో సుమారు సగం వంశపారంపర్యంగా వచ్చే లక్షణాల వల్లనేనని తేలింది. 1970లలో డెన్మార్క్‌లో, పుట్టిన కొద్ది కాలానికే దత్తతకు వెళ్లి వేరే ఇళ్లలో పెరిగిన మగపిల్లలను పరిశీలించారు. కన్న తండ్రి గానీ తల్లి గానీ మద్యానికి బానిసైన పిల్లల్లో, తామూ బానిసలైనవారు మిగతావారితో పోలిస్తే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించారు. అయితే అదే అధ్యయనంలో, అలాంటి కన్నవారికి పుట్టినవారిలో అయిదింట నాలుగు వంతులకు పైగా మద్యానికి బానిసలు కాలేదు. మొదటి సగాన్ని చెప్పి రెండో సగాన్ని వదిలేసేవారే ఎక్కువ. పైగా నెత్తురులో వచ్చేది దాహం కాదు. వచ్చేవాటిలో బాగా గుర్తించిన లక్షణం ఒకటుంది. తాగుబోతుల కొడుకుల్లో చాలామందికి మిగతావారంత త్వరగా మత్తు ఎక్కదు, ఒళ్లు తూలదు, అందువల్ల ఎక్కడ ఆపాలో శరీరం చెప్పదు. మన ఊళ్లలో పెళ్లిలోనో జాతరలోనో సీసా ఖాళీ చేసి నిటారుగా నడిచి వెళ్లే కుర్రవాణ్ని "గట్టి పిండం" అని మెచ్చుకుంటాం. నా అనుభవంలో, మెచ్చుకోవలసిన చోట కాదు, భయపడవలసిన చోట అది.

నెత్తురు కాక మిగిలిన సగం ఇల్లు. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే ఇద్దరు వైద్యులు తమ సహచరులతో కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నతనంలో దెబ్బలు తినడం, తిట్లు పడడం, తల్లిని కొడుతుంటే చూడడం, ఇంట్లో తాగేవారో మానసిక రోగులో జైలుకు వెళ్లినవారో ఉండడం వంటి అనుభవాలను వేలాది పెద్దవారిని అడిగి లెక్కగట్టారు. అలాంటివి నాలుగు రకాలు, అంతకంటే ఎక్కువ అనుభవించినవారికి, ఏవీ లేనివారితో పోలిస్తే మద్యపాన వ్యసనం, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటివాటి ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని వారు చూపించారు. ఇక్కడ గమనించవలసింది అవి విడివిడిగా రావని. తండ్రి తాగితే తల్లికి దెబ్బలు, దెబ్బలకు తోడు అప్పు, అప్పుకు తోడు బడి మానడం. మీ వారికి ఆ జాబితా చదివి వినిపిస్తే ఎన్నింటికి తల ఊపుతారో మీకు నాకంటే బాగా తెలుసు.

ఆయన వయసు చూస్తే ఆ బాల్యం ఏ కాలంలో గడిచిందో ఊహించవచ్చు. 1980లలో ప్రభుత్వమే "వారుణి వాహిని" పేరుతో సారాను పాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది. పాకెట్టు రావడంతో సారా తెచ్చే పని పిల్లల పాలయింది. అర్ధరూపాయో రూపాయో చిల్లర మిగిలితే ఉంచుకోమని చెప్పి ఏడేళ్ల పిల్లవాణ్ని అంగడికి పంపిన తండ్రులు ఎందరో నా దగ్గరకు వచ్చినవారి మాటల్లో కనిపిస్తారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు 1992లో సారా అంగళ్ల మీద తిరగబడడం, అది రాష్ట్రమంతా పాకడం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ మీ వారి పదో ఏటికీ పద్నాలుగో ఏటికీ మధ్య జరిగినవే. ఆ ఉద్యమం చాలా ఇళ్లలో కొన్నాళ్లపాటు పొయ్యి వెలిగించిందన్నది నిజం. కానీ పాకెట్టు పోయిన ఇంట్లో కూడా, దాని చుట్టూ అల్లుకున్న భయాలూ అబద్ధాలూ చట్టంతో పోలేదు. నిషేధం సడలిన ఏడాది మీ వారు సీసా పట్టారంటే, దానికి కావలసిన ఏర్పాట్లన్నీ లోపల అంతకుముందే సిద్ధమై ఉన్నాయి.

ఆ ఏర్పాట్లు ఏమిటో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మీ కొడుకు విషయం కూడా ఇందులోనే ఉంది.

తాగే తండ్రి ఉన్న ఇంట్లో బిడ్డ నేర్చుకునే మొదటి విద్య కనిపెట్టుకుని ఉండడం. తండ్రి చెప్పులు విడిచే తీరును బట్టి, తలుపు నెట్టిన బలాన్ని బట్టి, దగ్గే పద్ధతిని బట్టి ఈ రాత్రి ఎలా గడుస్తుందో ఆరేళ్ల పిల్లవాడు చెప్పగలడు. ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగం, ఒత్తిడి వేళ విడుదలయ్యే హార్మోన్లు, గుండె దడ, తేలిక నిద్ర, ఇవన్నీ ఆ కాపలాకు అలవాటు పడి, కాపలా అక్కరలేని వయసు వచ్చాక కూడా దిగిరావు. అలాంటి కుర్రవాడికి పద్నాలుగో ఏట తాగిన మొదటి గ్లాసు మిగతావారికి ఇచ్చిన హుషారును ఇవ్వదు. జీవితంలో మొదటిసారి ఒళ్లు సడలడం, కంటి నిండా నిద్ర పట్టడం దాని వల్ల కలుగుతాయి. "ఆ రోజే నాకు నిద్ర అంటే ఏమిటో తెలిసింది సార్" అన్న మాటను నేను రకరకాల ఊళ్లవారి నోట విన్నాను. 15 ఏళ్లు నిండకముందే తాగడం మొదలుపెట్టినవారిలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారనీ, 20 దాటాక మొదలుపెట్టినవారిలో అది 10 శాతమేననీ అమెరికాలో జరిగిన ఒక పెద్ద సర్వే ఆధారంగా 1997లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. చలికనో జలుబుకనో పిల్లల నోట చెంచాడు బ్రాందీ పోసే పెద్దలు ఈ అంకెను ఒకసారి చూడాలి.

రెండో విద్య దాచడం, నా దృష్టిలో అన్నింటికంటే బలమైనది ఇదే. అమ్మ కంటి కింద కమిలితే గడప తగిలిందని చెప్పాలి. నాయన పనికి పోకపోతే జ్వరమని షావుకారుతో చెప్పాలి. అప్పులవాడు వస్తే ఇంట్లో ఎవరూ లేరని వాకిట్లో నిలబడి చెప్పాలి. ఇంట్లో కూడా, రాత్రి జరిగినదాని గురించి పొద్దున ఎవరూ మాట్లాడరు. అందరూ ఏమీ జరగనట్టు సంగటి తింటారు. పిల్లవాడికి దీని వల్ల రెండు నష్టాలు జరుగుతాయి. తన కళ్లతో చూసినది నిజమో కాదో తనకే అనుమానం వస్తుంది. తన బాధకు మాటలు ఉంటాయనీ వాటిని ఇంకొకరికి చెప్పుకోవచ్చనీ ఎప్పటికీ తెలియదు. పెద్దయ్యాక, సీసాను మగ్గం గుంతలో దాచడానికి ఆయన కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. నాలుగు నెలల మగ్గం కూలి ముందే వాడేసుకుని ఇంట్లో చెప్పకపోవడం కూడా అదే విద్య. ఇప్పుడు మీ కొడుకు తండ్రి సీసాలను దాస్తున్నాడు. వాడి ఉద్దేశం మంచిదే, కాని చేతులు నేర్చుకుంటున్నది అదే పని. తాగుడు ఒక తరంలో ఆగిపోయిన ఇళ్లలో కూడా ఈ దాపరికం తరువాతి తరానికి భద్రంగా అందడం నేను చూస్తుంటాను, మీ మామగారి ఇల్లు అందుకు ఒక ఉదాహరణ.

మూడోది, బిడ్డే పెద్దవాడు కావడం. తండ్రిని భుజం పట్టి ఇంటికి తేవడం, తల్లికి అడ్డం నిలబడడం, చిన్నవాళ్లకు అన్నం పెట్టడం. ఆడపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. వారు తాగరు గనుక వారికేమీ కాలేదని అందరూ అనుకుంటారు, చివరకు తాగే మనిషినే కట్టుకుని తల్లి చేసిన చాకిరీ మళ్లీ చేస్తుంటే తలరాత అంటారు.

తాగుడు ఒక్కటే బాల్యాన్ని చెడగొడుతుందని నేను అనడం లేదు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి మిరపకాయలు కోసేందుకు గుంటూరుకో, కట్టడాల పనికి బెంగళూరుకో తల్లిదండ్రులు ఇద్దరూ వెళ్లిపోతే జేజి దగ్గర మిగిలిన పిల్లలు, రాయచోటి, రాజంపేట వైపు తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లగా ఆమె పంపిన డబ్బుతో తాగే తండ్రి దగ్గర పెరిగిన పిల్లలు, పెద్దవారై ఇదే వ్యాధితో వస్తారు. వీరిని ఎవరూ కొట్టి ఉండకపోవచ్చు. భయపడినప్పుడు పరుగెత్తి వెళ్లి పట్టుకోవడానికి ఒక పెద్ద మనిషి లేకపోవడం కూడా శరీరానికి అలాంటి దెబ్బే.

ఇప్పుడు మాల విషయం. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగస్వామి గుడికి ఏకాదశి నాడు వెళ్లి, తాగుడు మానేందుకు మాల వేసుకునేవారు చాలామంది ఉన్నారు. అయ్యప్ప మాల 41 రోజులు కూడా చాలా ఇళ్లకు ఏడాదిలో దొరికే ఏకైక ప్రశాంత కాలం. చదువుకున్నవారు వీటిని చూసి నవ్వడం నాకు నచ్చదు. మాల ఏం చేస్తున్నదో చూడండి. పొద్దున లేవడానికి ఒక వేళ, స్నానం, ఒక్క పూట భోజనం, నేల మీద పడక, సాయంత్రం భజన, చుట్టూ అదే నియమంలో ఉన్న పదిమంది, అన్నింటికీ మించి ఇంటాబయటా అందరూ "స్వామీ" అని పిలవడం. చిన్నప్పటి నుంచి "తాగుబోతోని కొడుకు" అన్న పిలుపే విన్న మనిషికి ఆ గౌరవం మందులా పని చేస్తుంది. తాగే తండ్రి ఇంట్లో ఏ వేళకు ఏం జరుగుతుందో తెలియక పెరిగినవాడికి, రోజంతా ఒక క్రమంలో నడవడం కూడా కొత్త అనుభవమే. మాల తీసిన రోజున ఇవన్నీ ఒకేసారి పోతాయి, మనిషి పాత గదిలోకి, పాత నిద్రలేమిలోకి, పాత పిలుపులోకి వచ్చి పడతాడు. అందువల్ల సాయంత్రానికే తాగడాన్ని భక్తి లోపమని అనుకోకండి. ఆసుపత్రిలో వణుకూ ఫిట్సూ దాటాక ఆయన మాల వేసుకుంటానంటే నేను వద్దనను. తీసిన మరునాటి నుంచి ఆ వేళలూ ఆ భజన బృందమూ ఎలా కొనసాగుతాయో ముందే మాట్లాడుకోండి.

చికిత్స గురించి కొన్ని మాటలు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం, మన దేశంలో మద్యం వల్ల సహాయం అవసరమయ్యే స్థితికి చేరినవారు సుమారు 5.7 కోట్లమంది, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. వణుకు తగ్గించి పంపేయడంతో చికిత్స అయిపోదు. మళ్లీ తాగడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఆ కాలంలో తపనను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయి. కాలేయం, మూత్రపిండాల స్థితిని బట్టి ఏది ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. తాగితే వాంతులు, గుండె దడ, ముఖం ఎర్రబారడం వంటివి కలిగించే డైసల్ఫిరామ్‌ను మాత్రం మనిషికి చెప్పి, ఒప్పించి మాత్రమే ఇవ్వాలి. "వారికి తెలియకుండా కూరలో కలపండి" అంటూ అమ్మే పొడులను ఇంట్లోకి రానివ్వకండి. ఏం కలిపి ఉందో తెలియని పొడి తిని ఆ మనిషి తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. అంతకంటే, దాపరికంతోనే చెడిన ఇంట్లో వైద్యం కూడా దాపరికంతో మొదలవుతుంది, అది నాకు ఎంత మాత్రమూ సమ్మతం కాదు.

బాల్యం గురించి మాట్లాడవలసిన సమయం ఎప్పుడన్నది మరో ముఖ్యమైన సంగతి. కొందరు కౌన్సెలర్లు మొదటి వారంలోనే "మీ నాన్న మిమ్మల్ని కొట్టేవారా" అని తవ్వుతారు. మద్యం తప్ప బాధను ఓర్చుకునే ఉపాయం తెలియని మనిషి దగ్గర నుంచి మద్యాన్ని తీసేసిన వారంలో పుండును కెలకడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మొదట నిద్ర కుదరాలి, తిండి పడాలి, రోజుకు ఒక క్రమం ఏర్పడాలి. తాగడం ఆపిన తరువాత కొన్ని నెలల వరకు నిద్ర చెదరడం, చిరాకు, ఏ కారణం లేని దిగులు ఉంటాయి, అప్పుడే చిన్ననాటివి వాటంతట అవే పైకి వస్తాయి. మానేసిన మనిషి తాగినప్పటికంటే కోపిష్ఠి అయ్యాడని ఇంటివారు ఫిర్యాదు చేసేది ఈ దశలోనే. ఆ సమయానికి ఆయన మాట్లాడడానికి ఒక కౌన్సెలరో, తాగుడు మానినవారి బృందమో సిద్ధంగా ఉండాలి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాల్లో జరిగేది ప్రధానంగా ఇదే: అదే వ్యాధి ఉన్న పదిమంది ఎదుట, జరిగినదాన్ని జరిగినట్టు పైకి చెప్పడం. దాచడం ఒక్కటే నేర్చుకున్న మనిషికి దీని విలువ ఎంతో అక్కడ మూడు నెలలు కూర్చున్నాక గాని తెలియదు.

బాల్యం ఆయన వ్యాధికి కారణంలో భాగమని ఒప్పుకుంటే, ఆయన దాన్ని సాకుగా చేసుకుంటారని మీరు భయపడుతూ ఉండవచ్చు. ఆయన తండ్రి తాగడానికి ఏడేళ్ల పిల్లవాడు బాధ్యుడు కాడు. 42 ఏళ్ల మనిషి ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం ఆయన చేతిలోనిదే. ఈ రెండు మాటలనూ ఒకే ఊపిరిలో చెప్పవచ్చు, చెప్పాలి కూడా.

మీ గురించి ఒక్క మాట. ఆయన తరఫున షావుకారుకు సర్దిచెప్పడం, బెల్టు షాపులో బాకీ తీర్చడం, పుట్టింట్లో ఏమీ లేదనడం మీరు చేస్తూ ఉంటారు. అది మీ తప్పు కాదు, బతకడానికి అవసరమై నేర్చుకున్నది. అయినా ఒక్కొక్కటిగా మానవచ్చు. మొదట బాకీ తీర్చడం మానండి, తరువాత అబద్ధం చెప్పడం. మీ అక్కకో అన్నకో ఒక్కరికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చెయ్యి చేసుకుంటుంటే మాత్రం ఇవేవీ ముందు కావు. 181కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి, పిల్లవాడి విషయంలో 1098 ఉంది. మత్తు వదిలించే సహాయానికి 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416, రెండూ ఉచితం.

మీ కొడుకు విషయానికి వస్తే, అధ్యయనాలు ధైర్యమిచ్చే మాటే చెబుతాయి. హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన పిల్లలందరినీ ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, తాగుడు, కొట్లాటల నడుమ పెరిగిన పిల్లల్లో కూడా సుమారు మూడో వంతు మంది నిలకడైన, సమర్థులైన పెద్దవారయ్యారు. వారిలో ఎక్కువమందికి తల్లో, అవ్వో, ఉపాధ్యాయుడో, స్థిరంగా పట్టించుకున్న ఒక్క పెద్ద మనిషైనా ఉన్నారు. ఇంకో అధ్యయనం నాకు మరీ ఇష్టం. 1980 ప్రాంతంలో వోలిన్, బెనెట్ అనే అమెరికన్ పరిశోధకులు తాగే తండ్రో తల్లో ఉన్న కుటుంబాలను పరిశీలించి, రాత్రి భోజనాలు, పండుగలు, సెలవురోజుల వంటి ఆచారాలను తాగుడు చెడగొట్టనివ్వకుండా కాపాడుకున్న ఇళ్లలో అది పిల్లలకు సంక్రమించడం తక్కువని గుర్తించారు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఉగాదికి, పీర్ల పండుగకు, ఊరి జాతరకు తాగుడే ముందు నడుస్తుంది, పిల్లల జ్ఞాపకంలో పండుగంటే గొడవ. కాబట్టి మీరు ఒక్కటి ఎంచుకుని దాన్ని కాపాడండి, అది ఆదివారం కూరైనా సరే, ఉగాది ఉదయమైనా సరే. ఆ వేళకు తండ్రి తాగి వస్తే ఆయన కోసం ఆగకుండా, ఆయన్ను తిట్టకుండా, మీరూ పిల్లవాడూ వేళకు కూర్చుని తినండి. కుదరకపోతే ఆ రోజును మీ అన్న ఇంట్లో జరపండి.

సీసాల విషయంలో వాణ్ని మందలించకండి. ఏకాంతంగా కూర్చోబెట్టుకుని ఇలా చెప్పండి: "నాయనకు తాగుడు జబ్బు వచ్చింది. అది నీ వల్ల రాలేదు, నువ్వు బాగా చదివితే పోయేదీ కాదు. సీసాలు వెతకడం, నాయన్ను ఇంటికి పిలుచుకొని రావడం నీ పని కాదు. రాత్రి నువ్వు చూసింది నిజమే, భయమైతే నాతో చెప్పు, మామతో చెప్పు, మీ సారుతో చెప్పినా నాకు కోపం రాదు." ఒక్కసారితో సరిపోదు, చాలాసార్లు చెప్పవలసి వస్తుంది. అంగడికి మాత్రం వాణ్ని ఎవరూ, ఎంత అవసరమైనా, పంపకూడదు. పదమూడు పద్నాలుగేళ్లు వచ్చాక, మన వంశంలో మద్యం సులభంగా అంటుకుంటుందనీ నీ స్నేహితుడికి కుదిరినది నీకు కుదరదనీ, షుగరు ఉన్న ఇంట్లో పిల్లలకు చెప్పినంత మామూలుగా చెప్పండి.

ఇక మీ మామగారు. ఆయన మానేయడం గొప్ప విషయమే. కాని కామెర్లు మాన్పించిన మనిషి, తాను చేసినదాని గురించి నోరు విప్పకుండా కొడుక్కి బుద్ధి చెబుతుంటే, ఆ కొడుకు చెవిలో పడేది బుద్ధి కాదు, చిన్నప్పటి గొంతు. అందుచేత ఆయన చేత గట్టిగా చెప్పించవద్దు, ఇప్పుడు చెబుతున్నదాన్ని కూడా ఆపమని మీరు గాని ఆడపడుచు గాని మర్యాదగా అడగండి. ఆయన నిజంగా సాయపడదలచుకుంటే చేయగలిగినది ఒకటుంది. "నిన్ను సారాకు పంపింది నేనే, మీ అమ్మను కొట్టింది నేనే" అని కొడుకుతో ఒకసారి, సలహా ఏదీ తగిలించకుండా అనడం. అది ఆయనంతట ఆయన అనవలసిన మాట, మీరు పంచాయితీ పెట్టి అనిపిస్తే పనికిరాదు. ఎప్పటికీ అనకపోయినా మీ వారు కోలుకోవడం దాని మీద ఆధారపడి లేదు, తండ్రిని క్షమించి తీరాలన్న షరతూ లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి నెలల్లో ఇద్దరికీ రోజంతా ఎదురుపడే పని లేకుండా, వీలైతే మామగారిని కొన్నాళ్లు ఆడపడుచు ఇంట్లో ఉండమని అడగండి. ఆయన కష్టపెట్టుకుంటే, ఇది నేను చెప్పిన ఏర్పాటని చెప్పవచ్చు.